మా చెల్కకు మూడు గట్లుండేవి

సావనీరు చేతికందగానే మనం మొదట గ్రూపు ఫోటోలు వెతుక్కుంటాం, ఆ తర్వాత కవితలు చదువుతాం. వ్యాసాల దగ్గరికి వచ్చేసరికి పేజీలు వాటంతటవే తిరుగుతాయి. నేనూ అంతే. కనుక ముందే మనవి చేసుకుంటున్నాను: ఇది మట్టిని గురించిన వ్యాసం. దాంతోపాటు నేను చేసిన ఒక తెలివితక్కువ పనిని గురించి కూడా. మట్టి మీద ఆసక్తి లేని మిత్రులు ఆ రెండో దాని కోసమైనా చదువుతారని ఆశిస్తున్నాను.

మాది భువనగిరి వైపు ఒక మెట్ట ఊరు. మాకు నాలుగెకరాల ఎర్ర చెల్క ఉంది. పైన గుట్ట, గుట్ట కింద మా చెల్క, దాని కింద వేరేవాళ్ల వరి మడులు, వాటికి దిగువన ఊరి కుంట. మా తాత వయసులో ఉన్నప్పుడు చెల్కలో ఏరిన రాళ్లన్నీ మోసి, వాలుకు అడ్డంగా మూడు చోట్ల గట్లు పేర్చాడు. మోకాలెత్తు గట్లు. వాటి సందుల్లో తంగేడు, సీతాఫలం చెట్లు మొలిచేవి. చిన్నప్పుడు ఆ గట్ల మీద కూచుని సీతాఫలాలు తినడమే గాని, అవి అక్కడెందుకున్నాయని నేనెప్పుడూ అడగలేదు. గట్టు పక్క సాళ్లలో కంది చెట్టు మిగతా చేనుకంటే రెండు జానలు ఎత్తు పెరిగేదని మాత్రం గుర్తుంది. దాని కారణం కూడా అడగలేదు.

2023 వేసవిలో ఇంటర్ పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్నాను. అప్పటికి మా నాయిన ఎడ్లు అమ్మేసి మూడేళ్లయింది. కిరాయి ట్రాక్టరుతో దున్నించేవాడు. గట్ల మధ్య ట్రాక్టరు మలుపుకోవడానికి తావు చాలదని డ్రైవరు ప్రతిసారీ సణిగేవాడు. కిరాయి గంటల లెక్కన గనుక మాకు డబ్బులూ ఎక్కువయ్యేవి. అప్పుడు నాలోని ఎం.పి.సి. విద్యార్థి మేలుకున్నాడు. ఒక్కో గట్టు నూట ఇరవై మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు. మూడు గట్లకు కలిపి 540 చదరపు మీటర్లు. గుంటకు 101 చదరపు మీటర్లు అనుకుంటే అయిదు గుంటలకు పైనే.

"నాయినా, గట్లు తీసేస్తే అయిదు గుంటల భూమి కలుస్తది. ట్రాక్టరు మీదికెల్లి కిందికి ఒక్క తీరుగ పోతది" అన్నాను.

"మీ తాత పిచ్చోడై పెట్టిండా అవి?" అన్నాడు నాయిన.

"తాత కాలంల ట్రాక్టర్లున్నయా?"

నాయిన కాసేపు మాట్లాడలేదు. "సదువుకున్నోనివి, నాకంటె నీకే ఎరుక" అన్నాడు చివరికి. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా ఇళ్లల్లో చదువుకున్న కొడుకు మాటకు అంత విలువ ఉంటుంది. ఆ విలువకు సరిపడా చదువు నా దగ్గర ఉన్నదా అని ఆయన అడగలేదు, నేనూ చూసుకోలేదు.

రెండు రోజుల్లో జె.సి.బి. పని ముగించింది. రాళ్లు చాలావరకు రోడ్డు పనికి పోయాయి. నాలుగు పైసలు కూడా వచ్చాయి. పత్తి పెట్టాం, సాళ్లు మీది నుంచి కిందికి.

ఆ జులై చివరి వారంలో పడిన వానలను తెలంగాణలో ఎవరూ మరచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మా దగ్గర అందులో కొద్ది వంతే పడింది, కాని మాకు ఆ కొద్దే చాలింది. వాన వెలిశాక నాయినా నేనూ వెళ్లి చూస్తే సాళ్లన్నీ కాలువలై ఉన్నాయి. జానెడు లోతు కోతలు, రెండు మూడు చోట్ల మోకాటి లోతు. పత్తి మొక్కలు వేళ్లు బయటపెట్టుకుని పక్కకు ఒరిగిపోయాయి. ఎగువ కొసన గరుసు తేలింది. హద్దు కడీల మీద పాత మట్టి మరక గీత గీసినట్టు కనిపిస్తున్నది. ఆ మరకకూ నేలకూ మధ్య రెండు వేళ్ల ఎడం. దిగువ మడి పెద్దవ్వ ఒడ్డు మీద నిలబడి, "మీ చెల్క మా మడిలకొచ్చి కూసున్నది, ఎప్పుడు తీస్కపోతరు బిడ్డా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. కాని ఆమె నాటు సగం పూడిపోయింది.

నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కొద్ది రోజులకే నేను ఈ కాలేజీలో చేరాను, జియాలజీ ఒక సబ్జెక్టుగా. పుస్తకంలో ఒక పాఠం పేరు శిలాశైథిల్యం, దాని వెనక పాఠం పేరు క్రమక్షయం. మొదట ఆ మాటలకు నోరు తిరగలేదు. మా ఊళ్లో రాయి చివికింది అంటారు, మట్టి కోసుకపోయింది అంటారు. పరీక్షలో అలా రాస్తే మార్కులు వేస్తారో లేదో మన అధ్యాపకులే చెప్పాలి!

మొదటి సంవత్సరంలో లెక్చరర్ గారు మమ్మల్ని నగరం అంచున ఉన్న గుండ్ల దగ్గరికి తీసుకుపోయారు. హైదరాబాదు చుట్టూ ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పెట్టినట్టుండే గుండ్లను మనమంతా చూసినవాళ్లమే. అంత గుండ్రంగా వాటిని ఎవరు చెక్కారు? నీళ్లే. అదీ నేల పైన కాదట, నేల లోపల. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్లు. అందులో నిలువునా అడ్డంగా పగుళ్లుంటాయి గనుక, లోపలి రాయి పెద్ద పెద్ద దిమ్మలు పేర్చినట్టు ఉంటుంది. వాన నీరు ఆ పగుళ్లలోకి దిగుతుంది. దిమ్మ ముఖాన్ని నీరు ఒక వైపు నుంచే తింటుంది, అంచును రెండు వైపుల నుంచి, మూలను మూడు వైపుల నుంచి. కాబట్టి మూలలు ముందు చివుకుతాయి, దిమ్మ క్రమంగా గుండు అవుతుంది. దాని చుట్టూ చివికిన భాగమే మనం మొరం అనే పదార్థం. తర్వాత ఏ కాలంలోనో వానలు ఆ మొరాన్ని కడిగేస్తే, కరగని గుండ్లు ఒకదాని మీద ఒకటి మిగిలిపోతాయి. మా చెల్క మూలన కూడా అలాంటి గుండు ఒకటి ఉంది. ఆటల్లో దాని మీది నుంచి ఎన్నోసార్లు జారాను.

ఇంత గట్టి రాయిని నీళ్లు ఎలా తింటాయి? వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దిగా కరిగించుకుని దిగుతుంది. నేలలో వేళ్లూ సూక్ష్మజీవులూ ఊపిరి తీస్తుంటాయి గనుక, మట్టి లోపలి గాలిలో ఆ వాయువు బయటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ నీరు బాగా పలచన చేసిన సోడా వంటిది. గ్రానైటులో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జు, నల్ల అభ్రకం ప్రధానంగా ఉంటాయి. ఫెల్డ్‌స్పార్ మీద ఆ పలచని ఆమ్లం ఏళ్ల తరబడి పనిచేస్తే అది బంకమట్టిగా మారుతుంది, అందులోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది. క్వార్ట్జు కరగదు, ఇసుకగా మిగులుతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పడుతుంది. మా చెల్క ఎరుపు ఆ తుప్పు ఎరుపే. మా నాయిన అప్పు చేసి సంచుల్లో కొనే పొటాష్‌ను ఆ గుండు మాకు పైసా అడగకుండా ఇస్తున్నదని తెలిసిన రోజున నాకు నవ్వు వచ్చింది. కాకపోతే చాలా నిదానంగా ఇస్తుంది.

రాయిలో నుంచి నీళ్లు తెచ్చేవన్నీ మేలు చేస్తాయనుకోవద్దు. మా పాత నల్లగొండ జిల్లా బోరు నీళ్లలోని ఫ్లోరైడు కూడా ఈ గ్రానైటు ఖనిజాల నుంచి కరిగి వచ్చిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి నడుములు వంగిన మనుషులను మా పెద్దలు తమ ఇళ్లల్లోనే చూశారు. మన మేలు కీడులతో రాయికీ నీటికీ నిమిత్తం లేదు.

ఇక ఎంత నిదానమో చూడండి. ఒక సెంటీమీటరు మట్టి తయారు కావడానికి వందల సంవత్సరాలు పడుతుంది. వాన తక్కువ, రాయి గట్టి అయిన మా వంటి చోట ఇంకా ఎక్కువ. కాకతీయులు పాఖాల చెరువు కట్టించిన నాటి నుంచి నేటిదాకా మా చెల్కలో పుట్టిన మట్టి ఒక సెంటీమీటరు అనుకుంటే పెద్ద తప్పు కాకపోవచ్చు. ఆ వానల్లో మా ఎగువ ఎకరంలో సగటున పోయింది కూడా, తక్కువలో తక్కువ, అంతే. ఎకరం మీద సెంటీమీటరు అంటే నలభై ఘనపు మీటర్లు, బరువు యాభై టన్నుల పైమాట. ట్రాక్టరు ట్రాలీల లెక్కన దాదాపు ఇరవై ట్రాలీలు. గట్లు తీసి నేను కలిపిన అయిదు గుంటల లెక్క సరిగ్గానే ఉంది. ఈ లెక్క ఒక్కటే వేయలేదు.

మట్టిని కోసే పని వాన చినుకుతోనే మొదలవుతుందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. అయిదు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు తొమ్మిది మీటర్ల వేగంతో నేలను కొడుతుంది, అంటే గంటకు ముప్ఫై కిలోమీటర్ల పైన. 1940లలో ఎల్లిసన్ అనే అమెరికా శాస్త్రవేత్త దీని మీద ప్రత్యేకంగా ప్రయోగాలు చేశాడు. ఆకు గాని గడ్డి గాని అడ్డం లేకపోతే ప్రతి చినుకూ మట్టి గడ్డను పొడి చేసి చుట్టూ ఎగరగొడుతుంది. ఆ పొడి నేల రంధ్రాలను మూసేస్తుంది. దాంతో నీరు ఇంకదు, పారడం మొదలుపెడుతుంది. నాలుగెకరాల మీద పది సెంటీమీటర్ల వాన అంటే పదహారు లక్షల లీటర్లు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే మూడు వందల ఇరవై. ఇంకకుండా మిగిలినదంతా కిందికే కదా పోవాలి!

పారే నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు అరవై నాలుగింతలు అవుతుందని పుస్తకం చెబుతుంది. ఈ ఒక్క వాక్యం చదివాక తాత గట్లు నాకు అర్థమయ్యాయి. పొడవైన ఒక వాలును ఆయన నాలుగు చిన్న వాలులుగా కోశాడు. నీరు పరుగందుకునే లోపే దానికి రాళ్లు అడ్డం వచ్చేవి. అక్కడ వేగం తగ్గి, మోసుకొచ్చిన మట్టిని గట్టు వెనక దించి, రాళ్ల సందుల్లోంచి మెల్లగా జారిపోయేది. దించిన మట్టి ఏటేటా చదునై, తడి అక్కడే నిలిచేది. రెండు జానలు ఎత్తు పెరిగిన కంది రహస్యం అదే. తాతకు ఆరో ఘాతం తెలియదు. నాకు ఆరో ఘాతం తెలుసు, వాలుకు అడ్డంగా దున్నాలని తెలియదు. మా ఇద్దరిలో ఎవరు సైన్సు చదివినట్టు?

మరుసటి వానకాలంలో ఇంటికి వెళ్లినప్పుడు కోతలో పారుతున్న నీటిని ఒక సీసాలో పట్టి కిటికీలో పెట్టాను. ఇసుక నేను చూస్తుండగానే అడుగుకు చేరింది. దాని మీద సన్నని ఒండ్రు గంటల్లో దిగింది. బంకమట్టి మాత్రం మర్నాటికి కూడా తేరుకోలేదు, నీళ్లు ఎర్రగానే ఉన్నాయి. పైరుకు పనికొచ్చే పోషకాలను పట్టి ఉంచేది ఆ బంకమట్టే. చేను వదిలిపోయేటప్పుడు అందరికంటే దూరం పోయేదీ అదే, ఎందుకంటే దానికి ఆగాలంటే నీరు పూర్తిగా నిలవాలి. మా మడిలోకి ఇసుక వచ్చిందని పెద్దవ్వ తిట్టుకుంది. అసలు సొమ్ము కుంటలోకి పోయింది.

కుంటను దాటి పోయిన దాని సంగతి పెద్ద జలాశయాలను చూస్తే తెలుస్తుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ మొదటి సామర్థ్యం 29 టి.ఎం.సి.లకు పైన. పూడిక చేరి అది ఎంతో తగ్గిపోతే 1970లలో ఎత్తు పెంచారు. పెంచాక కూడా 17.8 టి.ఎం.సి.లే. శ్రీరాంసాగర్‌ను 112 టి.ఎం.సి.లకు కడితే ఇప్పుడు 80 దగ్గరికి వచ్చింది. మనం ఈ అంకెలను నీళ్ల నష్టం కింద చదువుతాం. అందులో ప్రతి టి.ఎం.సి. స్థలంలో ఎవరివో చేలు పడి ఉన్నాయని చదవం. దేశం మొత్తం మీద ఏటా హెక్టారుకు సుమారు 16 టన్నుల మట్టి కదులుతున్నదని 1983లో మన శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అందులో దాదాపు 29 శాతం సముద్రానికీ, 10 శాతం జలాశయాలకూ పోతున్నదనీ, మిగిలింది ఒకచోటి నుంచి ఇంకొకచోటికి మారుతున్నదనీ తేల్చారు. హెక్టారుకు 16 టన్నులంటే ఏడాదికి మిల్లీమీటరు పైచిలుకు. కంటికి ఆనదు. కంటికి ఆనకపోవడమే దీనితో వచ్చిన చిక్కు.

హాస్టల్లో నా గదిలో ఉండే కోనసీమ మిత్రుడు ఇదంతా విని, "మీ మట్టి కొట్టుకురాకపోతే మాకు కోనసీమే లేదు కదా" అన్నాడు. నిజమే. గోదావరి డెల్టా అంతా ఎగువ నుంచి వచ్చిన ఒండ్రే. ఇప్పుడు ఆ ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోవడంతో అక్కడ తీరం కోతకు గురవుతున్నదని అతడే చెప్పాడు. మట్టి కదలడమే పాపమని నేను అనడం లేదు. నది వేల ఏళ్లలో మెల్లగా చేసే పని వేరు, నేను రెండు రోజులు జె.సి.బి. పెట్టి ఒక్క వానలో చేయించిన పని వేరు. పైగా మా చెల్క మట్టి కోనసీమ దాకా పోనే లేదు, ఊరి కుంటలో పడి ఉంది. ఎవరికీ అక్కర రాకుండా!

అక్కర రాకుండా అన్నానా? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. 2024 వేసవిలో కుంట ఎండితే మేము పూడిక మట్టి తోలుకుందామనుకున్నాం. చెరువు మట్టి చేనికి తోలడం మా ప్రాంతంలో కొత్తగా కనిపెట్టింది కాదు, తాతల నాడు బండ్లతో తోలేవారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలని తలపెట్టారు. తీసిన పూడికను రైతులు సొంత ఖర్చుతో చేలకు తోలుకున్నారు. అప్పుడు మా ఊళ్లో పండగలా ఉండింది, నేను ట్రాలీ మీద ఎక్కి తిరిగాను కూడా. కాని ఈసారి మాకు పన్నెండు ట్రిప్పులే దక్కాయి. మిగతా మట్టిని ఇటుక బట్టీకి ముందే మాట్లాడుకున్నారన్నారు. ఎవరు మాట్లాడారో, ఎవరిని అడగాలో తెలియలేదు. ఆ పన్నెండు ట్రిప్పులకు జె.సి.బి. కిరాయి, ట్రాక్టరు కిరాయి కలిసి, రాళ్లు అమ్మితే వచ్చిన దానికి ఎన్నో రెట్లయింది. అంటే మా మట్టిని మేమే కొనుక్కున్నాం. అదీ సగమే దొరికింది.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతున్నాను. కుంటలోని పూడిక ఎగువ చేల సొత్తు. దాన్ని కాల్చి ఇటుక చేస్తే అది మళ్లీ ఏ చేనికీ తిరిగిరాదు. చేలకు చాలినంత తోలుకున్నాక మిగిలితేనే బట్టీలకు ఇవ్వాలి. ఈ క్రమం తప్పకుండా చూడవలసిన బాధ్యత గ్రామసభది. ఊరికొక ఇల్లు అక్కర్లేదా, ఇటుకలు వద్దా అని మిత్రులు అడుగుతారు. ఇటుక మట్టి తీసుకునే తావులు వేరే ఉన్నాయి, చేనికి వేరే మట్టి లేదు.

రెండో సంగతి మనకు సంబంధించింది. జాతీయ సేవా పథకం 1969 నుంచీ ఉంది. ఏటా ఏడు రోజుల క్యాంపుకు వెళ్తున్నాం. మొన్నటి క్యాంపులో మేము బడి గోడకు సున్నం వేశాం, బస్టాండు ఊడ్చాం, చివరి రోజున నాటకం వేశాం. నాటకం బాగా వచ్చింది, కాదనను. అయితే అదే ఊరి చేలలో గట్లు తెగి పడి ఉన్నాయి. మూడు కర్రలను ఇంగ్లీషు ఏ అక్షరంలా కట్టి, మధ్యలో దారానికి రాయి వేలాడదీస్తే వాలుకు అడ్డంగా సమమట్టం గీత గుర్తించవచ్చు. ఫిజిక్సు వాళ్లకు అది అరగంట పని. యాభై మంది ఏడు రోజుల్లో ఎన్ని గట్లు పేర్చగలరో లెక్క వేయడం మాథ్స్ వాళ్లకు వదిలేస్తున్నాను. సీసాల్లో నీళ్లు పట్టి, గట్టున్న చేను నుంచి ఎంత మట్టి పోతున్నది, గట్టు లేని చేను నుంచి ఎంత అని తూచితే కెమిస్ట్రీ వాళ్లకు ప్రాజెక్టు అవుతుంది. యూనియన్ నాయకులు ఈసారి క్యాంపు విషయం ప్రిన్సిపాల్ గారితో మాట్లాడేటప్పుడు ఈ మాట కూడా చెవిన వేయాలని కోరుతున్నాను.

మొన్న వేసవి సెలవుల్లో మా మొదటి గట్టు మళ్లీ పేర్చాం. నాయిన, నేను, మా చిన్నాయన కొడుకు, పదకొండు రోజులు. రాళ్లు పేర్చేటప్పుడు పెద్ద ముఖం కిందికి ఉండాలనీ, గట్టు కాస్త ఎగువకు వాలి ఉండాలనీ నాయిన చూపించాడు. తాత ఆయనకు చూపించాడట. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడిగితివా?" అన్నాడు. రోడ్డుకు పోగా మిగిలిన రాళ్లు రెండో గట్టుకు సగమే సరిపోతాయి. మిగతా సగంలో, మూడో గట్టు ఉన్న చోట వట్టివేరు గడ్డి నాటుదామంటున్నాడు. ఈసారి సెలవుల్లో రావాలనుకునే మిత్రులకు భువనగిరి నుంచి మా ఊరికి బస్సు ఉంది. దిగాక రెండు కిలోమీటర్లు నడవాలి. గడ్డపార, పార మా ఇంట్లోనే ఉన్నాయి.